ప్రేమకథల నుంచి మొదలుపెట్టి: మా కౌంటీ లైబ్రరీ ‘ఐదు పుస్తకాల’ సర్వీసు మీద నా రివ్యూ

నేను పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో ఒక డయాలసిస్ సెంటర్‌లో నర్సుగా చేస్తున్నాను. మా పేషెంట్లు వారానికి మూడుసార్లు వస్తారు. వచ్చిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు కుర్చీలో కదలకుండా ఉండాలి. కొందరు టీవీ చూస్తారు, కొందరు కళ్ళు మూసుకుంటారు. కిటికీ పక్కన కూర్చునే ఒక పెద్దావిడ మాత్రం ఎప్పుడూ పుస్తకంతోనే వస్తారు. పెద్ద అక్షరాల ప్రింటు, అట్ట మీద తెల్ల టోపీ పెట్టుకున్న అమ్మాయి, వెనకాల చేను. అన్నీ ఆమిష్ ప్రేమ నవలలే. ఆమిష్ అంటే గుర్రబ్బళ్ళలో తిరుగుతూ పాతకాలపు కట్టుబాట్లతో బతికే ఒక క్రైస్తవ సంఘం. ఒక చేతికి సూదులుంటాయి కాబట్టి పుస్తకాన్ని దిండు మీద ఆనించుకుని రెండో చేత్తో పేజీలు తిప్పుకుంటారు. అయిపోయిన పుస్తకం వెళ్ళేటప్పుడు నా చేతిలో పెడతారు. అలా ఏడాదిన్నరలో ముప్పైకి పైగా చదివేశాను.

నాకవి నచ్చాయి. వారపత్రికలో సీరియల్ కోసం వారమంతా కాచుకుని కూర్చున్న రోజుల్లో పెరిగినదాన్ని. ఒక్క ముద్దు కూడా లేకుండా మూడు వందల పేజీలు ప్రేమని నడిపించడం ఎంత కష్టమో నాకు తెలుసు. పైగా ఈ కథల్లోని మనుషులు నేను రోజూ చూసేవాళ్ళే. డ్యూటీకి వెళ్తూ 340 రోడ్డు మీద గుర్రబ్బండి వెనక నెమ్మదిగా కారు పోనిస్తుంటాను. అయితే చదవగా చదవగా ప్రశ్నలు పేరుకుపోయాయి. ఇంట్లో ఫోన్ వద్దన్నవాళ్ళు పొలం గట్టున చెక్కగది కట్టి అందులో ఫోన్ ఎందుకు పెట్టుకున్నారు? ఎనిమిదో తరగతితో బడి మానిపిస్తే ప్రభుత్వం ఎందుకు ఊరుకుంటోంది? సంఘం వెలివేసిన కూతురితో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినకూడదంటే ఆ తల్లి ఎలా ఒప్పుకుంది? సరిగ్గా అలాంటి చోటే నవల నాలుగు కన్నీళ్ళు పెట్టించి తర్వాతి అధ్యాయంలోకి వెళ్ళిపోతుంది.

ఆ సమయంలోనే మా కౌంటీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఈ సర్వీసు కనిపించింది. మనకి నచ్చిన మూడు పుస్తకాలేవో, ఎందుకు నచ్చాయో, ఏం వద్దో ఒక ఫారంలో రాసి పంపాలి. లైబ్రేరియన్ ఐదు పుస్తకాలు ఎంచి, ఒక్కోదాని గురించి నాలుగు ముక్కలు రాసి ఈమెయిల్ చేస్తారు. లైబ్రరీ కార్డు ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. అమెరికాలో చాలా లైబ్రరీల్లో ఇలాంటిది ఉంది. నేను రెండుసార్లు వాడాను.

ముందు ఫారం సంగతి. అందులో ‘తేలికపాటి కాలక్షేపం’, ‘లోతైన చదువు’ అని రెండు గడులున్నాయి. ఏదో ఒకటే టిక్ చెయ్యనిస్తుంది. నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ప్రేమకథ చదివేవాళ్ళకి ప్రశ్నలుండవని ఆ గడులు ముందే తేల్చేసినట్టు అనిపించి మనసు చివుక్కుమంది. చివరికి కాలక్షేపం అనే టిక్ పెట్టి, కింద ఖాళీలో నా ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే రాశాను. లైబ్రరీవాళ్ళు ఎప్పుడైనా ఇది చదివితే నా మొదటి విన్నపం ఇదే, ఆ గడులు తీసేయండి.

ఆరో రోజున జవాబు వచ్చింది. అది చదివి నేను నిజంగా కదిలిపోయాను. ఆ లైబ్రేరియన్ నా టిక్కుని పట్టించుకోనే లేదు. నా ప్రశ్నల్నే పట్టుకున్నారు. ‘మీరు ఫోన్ గురించి, బడి గురించి, వెలి గురించి అడిగారు, ఒక్కోదానికి ఒక్కో పుస్తకం పెడుతున్నాను. అన్నిటికంటే ముందు, మీరు చదువుతున్న నవలల గురించే ఉన్న ఒక పుస్తకం’ అని మొదలుపెట్టారు. నేను చదివేదాన్ని తక్కువ చెయ్యకుండా, అక్కడి నుంచే నన్ను ముందుకు తీసుకెళ్ళారు. ఈ సర్వీసులో అసలు విలువంతా ఆ ఒక్క పనిలోనే ఉంది.

ఆ మొదటి పుస్తకం వాలెరీ వీవర్-జర్చర్ 2013లో రాసిన ‘థ్రిల్ ఆఫ్ ద చేస్ట్’. 1997లో వచ్చిన ‘ద షనింగ్’ అనే నవలతో ఈ కథల జోరు ఎలా మొదలైందో, 2012 నాటికి నాలుగు రోజులకొక కొత్త ఆమిష్ ప్రేమ నవల మార్కెట్లోకి వచ్చే స్థితికి ఎలా చేరిందో ఆవిడ లెక్కలతో చూపిస్తారు. ఎవరు చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు అని పాఠకుల్నే అడిగి తెలుసుకుంటారు. చాలామందిది నా బాధే. చుట్టూ అంతా పరుగు, ప్రతిదానికీ తొందర, ఎక్కడ చూసినా సెక్స్. వీటన్నిటి నుంచి కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఆ చేను పక్కకి వెళ్ళి కూర్చుంటారు. ఆవిడ ఆ పాఠకుల్ని ఎక్కడా ఎగతాళి చెయ్యలేదు. ఆమిష్ ఆడవాళ్ళలో కూడా ఇవి చదివేవాళ్ళున్నారని నాకు ఆ పుస్తకం వల్లే తెలిసింది.

అది చదివాక ఒక ఆదివారం నా దగ్గరున్న నవలలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి అట్టలు చూశాను. లాంకాస్టర్‌లో ఆమిష్ బళ్ళకి బూడిదరంగు టాప్ ఉంటుంది. నేను రోజూ చూసేవి అవే. ఒహాయో, ఇండియానా వైపు నల్లవి. మా రాష్ట్రంలోనే మిఫ్లిన్ కౌంటీకి వెళ్తే ఒక సంఘానికి తెల్ల బళ్ళు, ఇంకో సంఘానికి పసుపువి. బండి రంగు చూస్తే ఎవరు ఏ కట్టుబాటు కిందివాళ్ళో ఇక్కడ తెలిసిపోతుంది. నా టేబుల్ మీద లాంకాస్టర్‌లో జరిగే కథలు తొమ్మిది ఉంటే, నాలుగింటి అట్టల మీద నల్ల బళ్ళే ఉన్నాయి. ముప్పై పుస్తకాలు చదివి కూడా నేను అది గమనించలేదు. రోజూ బూడిదరంగు బండి వెనకే డ్రైవ్ చేస్తూ కూడా!

అట్టల్లో తప్పులున్నా కథ లోపల సరిగ్గా ఉన్న సంగతులూ చాలానే ఉన్నాయి. సెలరీ మడి అలాంటిదే. నవలలో ఎదురింటి పెద్దమ్మ ‘ఈసారి వాళ్ళ దొడ్లో సెలరీ ఎక్కువ వేశారే’ అంటుంది, వెంటనే హీరోయిన్ చెంపలు ఎర్రబడతాయి. నేను మొదట్లో అర్థంకాక దాటేశాను. లాంకాస్టర్‌లో పెళ్ళిళ్ళు కోతలయ్యాక, ముఖ్యంగా నవంబరులో, మంగళవారాలూ గురువారాలూ చేసేవాళ్ళు. మూడు నాలుగు వందల మంది భోజనాలకి సెలరీ కూర వండాలి, బల్లల మీద గాజు జాడీల్లో సెలరీ కాడలు నిలబెట్టాలి. పెళ్ళి సంగతి చివరిదాకా గుట్టుగా ఉంచుతారు కాబట్టి దొడ్లో మడిని చూసే ఊరు కనిపెట్టేస్తుంది. ఇది తెలిశాక ఆ నవల మళ్ళీ తీసి ఆ పేజీ చదివాను. ఈసారి నా చెంపలూ వేడెక్కాయి.

రెండోది డొనాల్డ్ క్రేబిల్ రాసిన ‘ద రిడిల్ ఆఫ్ ఆమిష్ కల్చర్’, 1989 నాటిది. ఫోన్ సంగతి ఇందులో ఉంది. ప్రేమ నవలల్లో ఫోన్ గది అంటే సాయంత్రపు చీకట్లో అమ్మాయి ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళే చోటు. ఈ పుస్తకంలో అదే గది వెనక ఎన్నో ఏళ్ళ వాదన ఉంది. 1910 ప్రాంతంలో ఇంట్లో ఫోన్ ఉండాలా వద్దా అన్నది ఇక్కడి సంఘం చీలిపోవడానికి ఒక కారణం అయింది. ఇంట్లో గంట మోగితే ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి లేచిపోతాం, పక్కింటికి నడిచి వెళ్ళాల్సిన మాట తీగ మీద అయిపోతుంది అన్నది వాళ్ళ భయం. తర్వాత డాక్టర్ని పిలవాల్సి వస్తే ఎలా అన్న ప్రశ్న వచ్చింది. దాంతో నాలుగైదు కుటుంబాలకి కలిపి ఇంటికి దూరంగా ఒక గది కట్టుకున్నారు. అంటే యంత్రం వచ్చిన ప్రతిసారీ ‘ఇది మన మధ్యకి వస్తే మనం ఏమవుతాం’ అని కూర్చుని మాట్లాడుకున్నారు. నా కూతురు ఈ భాగం చదివి, ‘అమ్మా, మనం ఫోన్ కొనేటప్పుడు రేటు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు కదా’ అంది. నిజమే, మాట్లాడుకోలేదు.

వెలి గురించిన నా ప్రశ్నకి కూడా అందులోనే జవాబు దొరికింది. ఈ వెలి ఎంత గట్టిగా ఉండాలన్న తగువులోనే 1693లో జేకబ్ అమ్మాన్ అనే మతగురువు స్విట్జర్లాండ్‌లోని తన క్రైస్తవ శాఖ మిగతావాళ్ళ నుంచి విడిపోయాడు. ఆమిష్ అన్న పేరు ఆయన నుంచే వచ్చింది. అంటే ఇది పక్కకి పెట్టేయగల చిన్న నియమం కాదన్నమాట. అయినా కొన్ని ఇళ్ళల్లో ఏం చేస్తారంటే, రెండు బల్లలు కాస్త ఎడంగా వేసి, రెండిటి మీదా కలిపి ఒకే గుడ్డ పరుస్తారు. నియమం ప్రకారం వేరే బల్ల. చూసేవాళ్ళకి అందరూ కలిసి తింటున్నట్టే ఉంటుంది. ఆ గుడ్డ పరిచే తల్లిని తలుచుకుంటే నాకు గొంతు పట్టేసింది. ముప్పై నవలల్లో ఏ ఒక్కటీ ఆ గుడ్డని చూపించలేదు.

మూడోది జాన్ హోస్టెట్లర్ 1963లో రాసిన ‘ఆమిష్ సొసైటీ’. ఇది నాకు కష్టమైంది. ఆయన మిఫ్లిన్ కౌంటీలో ఆమిష్ ఇంట్లో పుట్టి, బాప్తిస్మం తీసుకోకముందే బయటికి వచ్చినాయన. ఇందులో సమాజశాస్త్రం చాలా ఉంది. గెమైన్‌షాఫ్ట్ అనే జర్మన్ మాట పదేపదే వస్తుంది. ఫెర్డినాండ్ టోనీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త 1887లో ఒక గీత గీశాడు. పుట్టుకతో, నమ్మకంతో, రోజువారీ సాయంతో ముడిపడి ఉండే సమూహం, అంటే గెమైన్‌షాఫ్ట్, ఒకవైపు, ఒప్పందాలతో, అవసరం మేరకు కలిసే సమాజం ఇంకోవైపు. మొదటిసారి చదివినప్పుడు ఇది పరీక్ష పుస్తకంలా ఉందని మూసేశాను.

నా ఉద్యోగమే నన్ను మళ్ళీ ఆ పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళింది. కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్ళకి వయసుతో పని లేకుండా మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే చట్టం 1972లో వచ్చింది. మా సెంటర్‌లాంటివన్నీ నడిచేది ఎక్కువగా దాని మీదే. ఆమిష్‌వాళ్ళలో చాలామందికి ఆ దారి లేదు. పన్ను కట్టించుకుని ముసలితనంలో డబ్బిచ్చే ప్రభుత్వ పథకం సోషల్ సెక్యూరిటీ మాకు వద్దు, మా ముసలివాళ్ళని మేమే చూసుకుంటాం అని వాళ్ళు పట్టుబట్టారు. 1961లో మా రాష్ట్రంలోనే న్యూ విల్మింగ్టన్ దగ్గర వాలెంటైన్ బైలర్ అనే రైతు ఆ పన్ను కట్టనన్నాడు. పన్ను అధికారులు దున్నే వేళకి వచ్చి ఆయన గుర్రాలు మూడింటిని తోలుకెళ్ళి అమ్మేశారు. అది దేశమంతా పేపర్లలో వచ్చింది. 1965లో సొంత వ్యవసాయం, సొంత వ్యాపారం చేసుకునే ఆమిష్‌వాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. పన్ను కట్టక్కర్లేదు, కానీ మెడికేర్‌తో సహా ఆ సాయమూ అడగకూడదు. ఆసుపత్రి బిల్లు వస్తే సంఘం నిధి ఉంటుంది, చాలకపోతే వేలంపాట పెట్టి దుప్పట్లు, కుర్చీలు, పశువులు అమ్మి కూడబెడతారు. బిల్లుల కాయితాలు రోజూ చూసేదాన్ని నేను. టోనీస్ గీసిన గీత నాకు ఆ కాయితాల మీదే కనిపించింది. ఆ రాత్రి పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివాను.

నాలుగోది 1972 నాటి యోడర్ కేసు మీద. విస్కాన్సిన్‌లో న్యూ గ్లారస్ దగ్గర ముగ్గురు తండ్రులు పిల్లల్ని ఎనిమిదో తరగతి తర్వాత హైస్కూలుకి పంపలేదు. రాష్ట్ర చట్టం ప్రకారం పదహారేళ్ళదాకా పంపాలి. ఒక్కొక్కరికి 5 డాలర్ల జరిమానా వేశారు. ఆ ఐదు డాలర్ల కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది, తండ్రులు గెలిచారు. నన్ను పట్టుకున్నది మాత్రం జడ్జి డగ్లస్ విడిగా రాసిన అభిప్రాయం. పిల్లల్ని అడిగారా అన్నది ఆయన ప్రశ్న. ముగ్గురు పిల్లల్లో సాక్ష్యం చెప్పింది ఫ్రీడా యోడర్ ఒక్కతే. హైస్కూలు తన నమ్మకానికి కూడా విరుద్ధమని చెప్పింది. మిగతా ఇద్దరినీ ఎవరూ అడగలేదు. ప్రేమ నవల మొత్తం నడిచేది ఆ ఈడు పిల్ల మనసులోనే. రమ్‌స్ప్రింగాలో, అంటే బాప్తిస్మానికి ముందు కాస్త స్వేచ్ఛగా తిరిగే ఆ వయసులో, ఏం చూస్తుంది, ఉంటుందా, వెళ్తుందా, ఎవరిని చేసుకుంటుంది. కోర్టు కాయితాల్లో ఆ పిల్లకి దొరికిన చోటు రెండు మూడు జవాబులే. ఆ నవలల్లో నాకు ఏం నచ్చిందో అప్పుడు తెలిసింది. తప్పో ఒప్పో, అవి ఆ పిల్లని అడుగుతాయి.

ఐదోది 1940లో వచ్చిన ‘రోసానా ఆఫ్ ద ఆమిష్’. పుట్టుకతో ఐరిష్ అయిన పసిపాపని ఒక ఆమిష్ స్త్రీ పెంచుతుంది. రాసినాయన ఆ పాప కొడుకే. రెండు సాయంత్రాల్లో అయిపోయింది, హాయిగా ఉంది.

ఇక ఫిర్యాదులు. ఐదింటిలో రెండు మా లైబ్రరీలో లేవు, రాష్ట్రంలోని వేరే లైబ్రరీల నుంచి ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద తెప్పించారు. అట్టకి కాయితం పట్టీ చుట్టి, దాని మీద తేదీ రాసి ఇస్తారు. మూడు వారాలు, పొడిగింపు లేదు. నాలుగు వందల పేజీల హోస్టెట్లర్‌ని పన్నెండు గంటల డ్యూటీలు చేసేవాళ్ళు మూడు వారాల్లో ఎలా చదువుతారు? తిరిగిచ్చి, మళ్ళీ హోల్డ్ పెట్టి, ఇంకో నెల ఆగి మిగతా సగం చదివాను. జాబితాలోనే ‘ఇది బయటి నుంచి రావాలి, మూడు వారాలే ఉంటుంది’ అని ముందే రాస్తే ఏది ముందు తెచ్చుకోవాలో మనమే చూసుకుంటాం. పెద్ద అక్షరాల ప్రింటు కావాలని ఫారంలో టిక్ చేశాను. ప్రేమ నవలలకి ఒక షెల్ఫు నిండా ఉన్న పెద్ద అక్షరాలు చరిత్ర పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఒక్కదానికీ లేవు. చూపు తగ్గినవాళ్ళు చరిత్ర చదవరా? ఇది లైబ్రరీ చేతిలో లేని పనే, ప్రచురించేవాళ్ళు వెయ్యాలి. కానీ అడగాల్సింది లైబ్రరీలే.

నా పెద్ద అసంతృప్తి వేరే ఉంది. ఐదు పుస్తకాలూ చదివాక చూసుకుంటే, ఆమిష్‌గా ఉంటూ రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. బయటివాళ్ళు, లేదా బయటికి వచ్చేసినవాళ్ళు. రెండో ఫారం పెట్టి అదే రాశాను. ఈసారి పన్నెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. పోయిందేమో అని ఫోన్ చేస్తే, ఆవిడే ఎత్తి, ఇంకా వెతుకుతున్నానని చెప్పారు. ఆ మాట ఒక లైన్ ఈమెయిల్‌లో పెట్టి ఉంటే నాకు టెన్షన్ ఉండేది కాదు. జాబితా వచ్చాక మాత్రం ఆ పన్నెండు రోజులూ ఎక్కడికి పోయాయో అర్థమైంది. 1968 నుంచి కెనడాలో ఆమిష్‌వాళ్ళే నడుపుతున్న ‘ఫ్యామిలీ లైఫ్’ పత్రిక ఉంది అందులో. 1890 నుంచి ఒహాయోలోని షుగర్‌క్రీక్‌లో అచ్చవుతున్న ‘ద బడ్జెట్’ అనే వారపత్రిక ఉంది. ఊరూరి నుంచి ఆమిష్‌వాళ్ళు, వాళ్ళకి దగ్గరి శాఖ అయిన మెన్నొనైట్‌వాళ్ళు రాసే ఉత్తరాలే దాని ప్రాణం. వాన పడిందా, ప్రార్థన ఎవరింట్లో జరిగింది, ఎవరికి పాప పుట్టింది, ఎవరు మెట్ల మీద జారిపడ్డారు. ఒక్క ప్రేమ మాట లేదు. నేను రెండు మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చుని అవే చదివాను. ఉత్తరం తర్వాత ఉత్తరం, మా పెద్దవాళ్ళ ఇన్‌ల్యాండ్ లెటర్లు చదివినట్టే ఉంది.

ఆ జాబితాలో నికెల్ మైన్స్ అనే ఊళ్ళో జరిగిన ఘోరం మీద కూడా ఒక పుస్తకం ఉంది. 2006 అక్టోబర్ 2న మా కౌంటీలోనే ఆమిష్ బడిలో కాల్పులు జరిగి ఐదుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ రోజే ఆమిష్‌వాళ్ళు కొందరు కాల్చినవాడి కుటుంబం ఇంటికి ఓదార్చడానికి వెళ్ళారు. ఆ పుస్తకం పక్కన లైబ్రేరియన్, ‘పిల్లల మరణాలున్నాయి, మీరు సిద్ధంగా ఉన్నప్పుడే తీసుకోండి’ అని రాశారు. నేనింకా తీసుకోలేదు. కానీ అలా ముందే చెప్పినందుకు ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మొత్తానికి ఐదుకి నాలుగున్నర స్టార్లు. అర స్టారు ఆ గడులకి, ఆ పన్నెండు రోజుల మౌనానికి తగ్గించాను.

ఈ సర్వీసు గురించి కిటికీ పక్క పెద్దావిడకి చెప్పాను. ఆవిడకి కంప్యూటర్ అలవాటు లేదు, చేతికి సూదులున్నాయి. బ్రేక్‌లో నా ఫోన్‌లో ఫారం తెరిచి, ఆవిడ చెప్తుంటే నేను టైప్ చేశాను. ఎందుకు నచ్చాయన్నదానికి చాలాసేపు ఆలోచించి, ‘వాటిలో ఎవరూ ఒంటరిగా అన్నం తినరు’ అన్నారు. ఏం వద్దు అన్న గడి దగ్గర మాత్రం ఆలోచించలేదు. ‘గుర్రం చచ్చిపోయే కథ వద్దు’ అన్నారు. పంపించి ఇవాళ్టికి నాలుగో రోజు.